సమస్య: "కనులు వినుచుండఁ జెవి రంగు కనియె నౌర!"

నిర్వాహకుడు (లాసన్స్ బే కాలనీ):
మిత్రులారా, పోయిన శనివారం రాత్రి మన విశాఖ బీచ్ రోడ్డులో కుర్రవాళ్ల బృందం ఒకటి సైకెడెలిక్ రాక్ (మత్తులో తోచే రంగులను, భ్రమలను ధ్వనిలోకి తెచ్చే 1960ల నాటి రాక్ సంగీతం) వాయించింది. ఒక్క పాటను 40 నిమిషాలు సాగదీశారు. ఇంటికి వచ్చి పడుకున్నా చెవిలో ఊదా రంగు వదలలేదు. అందుకే ఈ వారం తేటగీతిలో పై పాదం ఇస్తున్నాను. పూరణ ఆ సంగీతం చుట్టూ తిరగాలి. పాముకు కళ్లే చెవులు, అది చక్షుశ్శ్రవం అని మాత్రం తప్పించుకోవద్దు. ఆ దారి మన తాతల నాడే అరిగిపోయింది.

గాజువాక గడుగ్గాయి:
వద్దన్నారు కనుక పాముతోనే మొదలుపెడుతున్నాను.

చెవులు లేనట్టి పాముకుఁ జెప్ప నేల?
బూర యూదఁగఁ బడగెత్తి పొంగి యాడుఁ
బక్క నిలుచున్న నాకేమొ పట్టె వెఱ్ఱి
కనులు వినుచుండఁ జెవి రంగు కనియె నౌర!

భీమిలి మాస్టారు:
గణాలు, యతులు కుదిరాయి తమ్ముడూ. "పామునకు" అనవలసిన చోట "పాముకు" అన్నావు, పోనిస్తాను. "పట్టె వెఱ్ఱి" మాత్రం పోనివ్వను. కల, మత్తు, వెఱ్ఱి, ఈ మూడింటి మీద నెపం వేస్తే ఏ సమస్య అయినా పూరణ అయిపోతుంది. పైగా ఈ సంగీతం పేరు చెప్పగానే మత్తు అనుకునే లోకానికి నువ్వూ వంత పాడావు.

సీతమ్మధార సంగీతప్రియ:
నేను వెలుగు దారి పట్టాను. 1960ల చివర శాన్ ఫ్రాన్సిస్కో, లండన్ సభల్లో గాజు పళ్లేలలో నూనె, రంగునీళ్లు పోసి, దీపపు వెలుగుతో వాటిని వేదిక వెనుక తెర మీద వేసేవారు. ఆ గాజును చేత్తో కదిపే మనిషిని కూడా నేను వాద్యగాళ్లలోనే లెక్కపెడతాను. తాళం తప్పితే రంగూ తప్పుతుంది.

గాజు పలకపై నూనెలోఁ గరఁగు రంగు
తెరను డప్పుతో నొకలయఁ దిరుగుచుండ
గిటరు తీగపై నీలిమ కెరలి లేవఁ
గనులు వినుచుండఁ జెవి రంగు కనియె నౌర!

భీమిలి మాస్టారు:
మొదటి రెండు పాదాలు కళ్లకు కట్టాయమ్మా. కానీ గిటారుకు దీర్ఘం కోసి "గిటరు" చేశారు. "తీఁగ మీఁటఁగ నీలిమ తెరలి లేవఁ" అని చూడండి. వాద్యం పేరు పోతుంది, కానీ పైన "తెర" ఉంది కదా, దానికి "తెరలి" జత పడుతుంది.

సీతమ్మధార సంగీతప్రియ:
మార్చుకున్నాను మాస్టారూ. తెర మీద తెరలడం నాకు తట్టనే లేదు.

నిర్వాహకుడు:
ఇక నాది. జనం ఎక్కువై నేను బీచ్ రోడ్డు పక్కన ప్రదర్శనకు పెట్టిన కురుసురా జలాంతర్గామి దగ్గరే నిలబడిపోయాను. వేదిక మూడు వందల మీటర్ల దూరం. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది కనుక, డ్రమ్ము మీద కర్ర పడడం ముందు కనబడింది, దెబ్బ దాదాపు ఒక సెకను ఆగి వినబడింది.

దూరమున నుండి చూడఁగ దుముకు వెలుగు
పాట యడుగిడు మునుపె నా పైకి వచ్చుఁ
గడలి హోరున గానము కలిసి పోవఁ
గనులు వినుచుండఁ జెవి రంగు కనియె నౌర!

గాజువాక గడుగ్గాయి:
కళ్లు విన్నాయి, ఒప్పుకున్నాను. చెవి రంగును ఎక్కడ కన్నదండీ? నా వెఱ్ఱి కన్నా ఇది మెరుగేమీ కాదు.

నిర్వాహకుడు:
నిజమే. సగమే పూరించాను.

మద్దిలపాలెం రాత్రిపక్షి:
మీరందరూ ఏదో ఒక సభ చూశారు. నేను ప్రేమించిన బృందాన్ని ఎదురుగా ఒక్కసారీ చూడలేదు. గ్రేట్‌ఫుల్ డెడ్ అనే ఆ అమెరికా రాక్ బృందం వాళ్లు అభిమానులను తమ సభలు టేపు చేసుకోనిచ్చేవారు. 1984 నుంచి మైకులు పెట్టుకునేందుకు వేరే చోటు కూడా కేటాయించారు. వాళ్ల "డార్క్ స్టార్" 1968 రికార్డులో మూడు నిమిషాలైనా లేదు. 1969లో వచ్చిన సభా రికార్డులో అదే పాట 23 నిమిషాలు! మన కచేరీలో విద్వాంసుడు పల్లవిని పట్టుకుని మనోధర్మం కొద్దీ ఎటో వెళ్లిపోయి, మనం ఆశ వదులుకున్నాక తిరిగి వచ్చినట్టు ఉంటుంది. ఆ బృందం మర్నాటి సభలో మళ్లీ ఆ దారిన పోయేది కాదు. అందుకే ఎన్ని టేపులున్నా నాకు చాలవు.

పటము చేతిలో, టేపులోఁ బాట యొకటి
చూడ లేదు నే నా సభఁ జోద్య మేమొ
గదిని దీపము నార్పిన కాలమందుఁ
గనులు వినుచుండఁ జెవి రంగు కనియె నౌర!

భీమిలి మాస్టారు:
ఇది పూరణ. మూగ పటాన్ని చూసే కన్ను వింటున్నది, గుడ్డి టేపును వినే చెవి చూస్తున్నది. వెఱ్ఱి అవసరం పడలేదు. రెండో పాదం దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. ఒక్క సందేహం. దీపం ఆర్పితే చేతిలో పటం ఎలా కనబడింది? "గదినిఁ దలుపులు మూసిన" అనండి, గణం చెడదు.

మద్దిలపాలెం రాత్రిపక్షి:
చెడదు మాస్టారూ, కానీ మార్చను. ఇరవై ఏళ్లుగా చూస్తున్న పటం. దానికి దీపంతో పని లేదు.

గాజువాక గడుగ్గాయి:
చీకట్లో చూస్తూ కళ్లతో వినే ప్రాణి ఏదో నాకు తెలుసు. నిర్వాహకులు వద్దన్నారు కనుక చెప్పను.