చనిపోయినవాళ్లతో మాట్లాడించడం గురించి మతాలు నిజంగా ఏం చెప్తాయి?

పెద్దోడు:
అందరికీ నమస్కారం. మా తమ్ముడు పోయి ఇంకా ఏడాది కాలేదు, అమ్మ కోలుకోలేదు. ఇప్పుడు తెలిసినవాళ్లెవరో ఒకాయన గురించి చెప్పారట, ఆత్మను పిలిచి తన నోటితోనే మాట్లాడిస్తాడట. అమ్మ వెళ్తానని పట్టుబట్టింది. నాన్న అది పాపం అంటారు గానీ ఎందుకు పాపమని అడిగితే చెప్పలేకపోతున్నారు. మా ఆవిడ వాళ్లు క్రైస్తవులు, వాళ్లింట్లో ఈ మాట ఎత్తితేనే భయపడతారు. ఇదంతా మోసమా కాదా అని నేను అడగట్లేదు. అమ్మ దేవుణ్ణి నమ్మే మనిషి, ఆమెకు నచ్చజెప్పాలంటే ఆ దారిలోనే చెప్పాలి. గ్రంథాల్లో అసలు ఏముంది? వద్దంటే ఎందుకు వద్దు? చదివినవాళ్లు చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

గంగాతీరం:
మీ తమ్ముడి గురించి విని బాధగా ఉందండీ. హిందూ గ్రంథాల్లో చనిపోయినవాళ్లు కనబడటం లేదని మాత్రం అమ్మగారితో అనకండి, ఎందుకంటే ఉంది. భారతంలో ఆశ్రమవాసిక పర్వం చూడండి. యుద్ధమై ఏళ్లు గడిచినా ధృతరాష్ట్రుడికి కొడుకుల దుఃఖం తీరదు, కుంతికి కర్ణుడి బాధ తీరదు. అప్పుడు వ్యాసుడు అందరినీ గంగ ఒడ్డుకు తీసుకెళ్లి, పొద్దుగూకాక నీళ్లలో దిగి పిలుస్తాడు. భీష్ముడు, ద్రోణుడు, కర్ణుడు, దుర్యోధనుడు, అభిమన్యుడు అందరూ నీళ్లలోంచి లేచి వస్తారు, ఎవరిలోనూ పాత పగ ఉండదు. పుట్టుగుడ్డి ధృతరాష్ట్రుడికి వ్యాసుడు దివ్యదృష్టి ఇస్తాడు, ఆయన తన కొడుకుల ముఖాలు చూడటం అదే మొదటిసారి. ఆ ఒక్క రాత్రే. తర్వాత వాళ్లు వచ్చిన దారినే వెళ్లిపోతారు.

నేను ఈ కథలో చూసేది ఏంటంటే, అక్కడ ఎవరూ రేపేం జరుగుతుందని అడగలేదు. ఆస్తి ఎవరికి, పెళ్లి ఎప్పుడు లాంటివి లేవు. కళ్లారా చూసుకున్నారు, పగలు తీర్చుకోకుండా వదిలేసుకున్నారు, అంతే. పిలిచింది వ్యాసుడు, ఫీజు తీసుకుని కూర్చోబెట్టేవాడు కాదు. రామాయణంలో కూడా రావణ వధ తర్వాత దశరథుడు విమానంలో కనబడతాడు, కానీ రాముడు ఆయన్ని పిలవలేదు. వచ్చాక రాముడు తన కోసం ఏమీ అడగడు, కైకేయినీ భరతుణ్ణీ వదిలేస్తున్నానన్న శాపం వెనక్కి తీసుకోమంటాడు.

మామూలు మనుషులకు శాస్త్రం చెప్పిన దారి వేరు. గరుడ పురాణం ప్రకారం పోయిన జీవుడు కొంతకాలం ప్రేతంగా ఉంటాడు, సపిండీకరణం అనే కర్మ (అతని పిండాన్ని పూర్వీకుల పిండాల్లో కలపడం) చేశాక పితృదేవతల్లో కలుస్తాడు. పిండం, తర్పణం, దానం అన్నీ అతన్ని ముందుకు పంపడానికి. వెనక్కి పిలవడం దానికి సరిగ్గా ఎదురు దారి. గీతలో తొమ్మిదో అధ్యాయం 25వ శ్లోకం కూడా చూపించండి, భూతాల్ని పూజించేవాళ్లు భూతాల్నే చేరతారని ఉంది.

ఉదయతార:
మీ ఆవిడ వాళ్లు భయపడటంలో ఆశ్చర్యం లేదు, బైబిల్లో ఇది సూటిగానే ఉంది. ద్వితీయోపదేశకాండం 18లో చనిపోయినవాళ్ల దగ్గర విచారణ చేయడం నిషేధం. యెషయా 8:19 అయితే, బతికున్నవాళ్ల కోసం చచ్చినవాళ్ల దగ్గరికి వెళ్లడం ఏంటి, మీ దేవుణ్ణి అడగరా అని నిలదీస్తుంది. మొదటి సమూయేలు 28లో సౌలు కథ ఉంది. ఆత్మల్ని పిలిచేవాళ్లను దేశం నుంచి వెళ్లగొట్టిన రాజే, దేవుడు జవాబివ్వట్లేదని మారువేషంలో రాత్రిపూట ఏన్దోరు అనే ఊళ్లో అలాంటి ఒకామె దగ్గరికి వెళ్లి, చనిపోయిన ప్రవక్త సమూయేలును రప్పించమంటాడు. అతనికి ఓదార్పు దొరకలేదు, రేపు నువ్వూ నీ కొడుకులూ నాతో ఉంటారని, అంటే చనిపోతారని, సమూయేలు చెప్పగా విని నేలమీద పడిపోయాడు. వచ్చింది సమూయేలేనా, మోసపుచ్చే ఆత్మా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటారు, నిషేధం విషయంలో మాత్రం వాదన లేదు.

మౌనరాగం:
ఉదయతార గారు చెప్పినదానికి ఒక్కటి కలుపుతా. మేం కేథలిక్కులం. 1917లో వాటికన్ ఇలాంటి ఆత్మల కూటాలకు ఊరికే చూడటానికి కూడా వెళ్లొద్దంది. కానీ చనిపోయినవాళ్ల కోసం ప్రార్థన మాకు చాలా ముఖ్యం, నవంబర్ 2 అందుకోసమే ఉన్న రోజు. ప్రొటెస్టెంట్లలో చాలామంది దాన్నీ ఒప్పుకోరు. కాబట్టి అత్తగారింట్లో అడిగేముందు వాళ్లు ఏ చర్చికి వెళ్తారో చూసుకోండి.

సబర్:
ఇస్లాంలో చనిపోయినవాళ్లకూ మనకూ మధ్య బర్‌జఖ్ అనే తెర ఉంటుంది, మళ్లీ లేపే రోజు దాకా. సమాధుల్లో ఉన్నవాళ్లకు నువ్వు వినిపించలేవని ఖురాన్ 35:22లో ఉంది. అయితే బద్ర్ యుద్ధం తర్వాత ప్రవక్త శత్రువుల శవాలతో మాట్లాడారు, ఆయన సహచరుడు ఉమర్ ఆశ్చర్యపోతే, వాళ్లు నీకంటే తక్కువేం వినట్లేదు, జవాబివ్వలేరంతే అన్నారని హదీసు (ప్రవక్త మాటలు, చేతల గురించిన కథనం). దీని అర్థం మీద ప్రవక్త భార్య ఆయిషా గారే వేరే మాట చెప్పారు. ఏదేమైనా జవాబు వస్తుందని ఎవరూ అనలేదు. ఎవరైనా చనిపోయినవాడి గొంతుతో జవాబిస్తే అది జిన్ను పని అంటారు మా పండితులు. మనిషి పోయాక అతనికి అందేవి మూడని హదీసు ఉంది: ఆగకుండా సాగే దానం, పనికొచ్చే జ్ఞానం, మంచి సంతానం చేసే దుఆ, అంటే ప్రార్థన.

తర్కం:
అన్ని మతాలూ వద్దన్నాయనుకోవద్దు. 1848లో అమెరికాలో, ఆత్మలు టకటక చప్పుళ్లతో తమకు జవాబిస్తున్నాయన్న ఫాక్స్ అక్కచెల్లెళ్లతో మొదలైన ఉద్యమానికి ఆత్మలతో మాట్లాడటమే మతం. ఫ్రాన్స్‌లో అలాన్ కార్డెక్ అనే రచయిత 1857లో దానికో సిద్ధాంతమే రాశాడు, బ్రెజిల్‌లో ఇప్పటికీ లక్షలమంది నమ్ముతారు. ఆ అక్కచెల్లెళ్లలో ఒకామె 1888లో ఆ టకటక చప్పుళ్లు కాలివేళ్లతో చేశామని బహిరంగంగా చెప్పి, మరుసటి ఏడాది ఆ మాట వెనక్కి తీసుకుంది.

మీరు అడగలేదు గానీ ఒకటి చెప్తా, ఆత్మల్ని పిలిచేవాళ్లందరూ కావాలని మోసం చేస్తారనుకోనవసరం లేదు. ఆ రోజుల్లో జనం బల్ల చుట్టూ కూర్చుని చేతులు పెడితే అది ఆత్మల వల్ల కదులుతుందని నమ్మేవారు. 1853లో శాస్త్రవేత్త ఫారడే, అలాంటి బల్లల మీద చేతులకింద అట్టముక్కలు పొరలుగా మెత్తటి జిగురుతో అతికించి చూశాడు. ముందు కదిలింది చేతులే, బల్ల కాదు. కూర్చున్నవాళ్లు మాత్రం తాము తొయ్యట్లేదని నిజాయితీగా నమ్మారు.

పెద్దోడు:
అందరికీ చాలా థ్యాంక్స్. గంగాతీరం గారూ, అమ్మ ఆ భారతం కథ విని, మరి వ్యాసుడు చేశాడు కదా అంటే ఏం చెప్పను?

గంగాతీరం:
అంటారు, తప్పకుండా అంటారు. వాదించకండి. తమ్ముడితో ఏం మాట్లాడాలనుందమ్మా అని అడగండి. వాడు నామీద కోపంగా పోయాడా, నొప్పి పడ్డాడా లాంటిది ఏదో లోపల ఉంటుంది, అది బయటికి రానివ్వండి. తర్పణం వదిలేటప్పుడు పేరు పెట్టి పిలిచే ఇస్తాం కదా, ఆమె చెప్పాలనుకున్నది అప్పుడు చెప్పుకోవచ్చు, మధ్యలో ఎవరూ అక్కర్లేదు. ఆ మనిషి దగ్గరికే వెళ్తానంటే ఒంటరిగా పంపకండి, మీరు పక్కనే కూర్చోండి. డబ్బు మాట, మళ్లీ రండి అన్న మాట వచ్చిన వెంటనే అమ్మగారిని లేపి తీసుకొచ్చేయండి.