అప్‌డేట్: స్క్రీన్‌షాట్ సేవ్ కాని సమస్య తీరింది

నా ఆండ్రాయిడ్ ఫోన్‌లో పవర్, వాల్యూమ్ డౌన్ బటన్లు కలిపి నొక్కితే స్క్రీన్ మెరిసి, వెంటనే "స్క్రీన్‌షాట్ సేవ్ చేయడం కుదరలేదు" అని వస్తోందని ఇదివరకు అడిగాను కదా. ఇప్పుడు సరిగ్గా పనిచేస్తోంది. ఓపిగ్గా సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

"ఫైల్ మేనేజర్‌లో పిక్చర్స్ ఫోల్డర్ తెరిచి చూడండి" అన్న సలహానే పనికొచ్చింది. స్క్రీన్‌షాట్స్ అనే ఫోల్డర్ ఉండాల్సిన చోట, అదే పేరుతో 0 బైట్ల (అంటే లోపల ఏమీ లేని) ఫైల్ ఒకటి కూర్చుని ఉంది. చూడ్డానికి ఫోల్డర్‌లాగే ఉంది గానీ, నొక్కితే తెరుచుకోలేదు. ఒకే చోట ఒకే పేరుతో ఫైలూ ఫోల్డరూ రెండూ ఉండవు కాబట్టి ఫోన్ కొత్త ఫోల్డర్ చేసుకోలేకపోయింది. పాత ఫోన్ నుంచి ఫైళ్లు కాపీ చేసినప్పుడు వచ్చిందనుకుంటా. దాన్ని డిలీట్ చేసి రీస్టార్ట్ చేశాను. మొదటి ప్రయత్నంలోనే సేవ్ అయింది!

స్టోరేజ్‌కి దీనితో సంబంధం లేదు, సగం పైగా ఖాళీగానే ఉంది. మనం వేసుకున్న యాప్‌లన్నీ ఆపి ఫోన్ నడిపే సేఫ్ మోడ్‌లోనూ అదే ఎర్రర్ వచ్చింది. ఫోన్‌లోవన్నీ చెరిపేసే ఫ్యాక్టరీ రీసెట్ దాకా వెళ్లనందుకు ఎంత సంతోషంగా ఉందో, ఫొటోలన్నీ ఫోన్‌లోనే ఉన్నాయి మరి.

బ్యాంక్ యాప్‌లో మాత్రం స్క్రీన్‌షాట్ ఇప్పటికీ రాదు. అది ఆ యాప్ భద్రత కోసం పెట్టుకున్న అడ్డు, ఫోన్ లోపం కాదు.