అప్‌డేట్: మా ఆయన విషయంలో లాయర్ ఏమన్నారంటే

మా ఆయనకు ఆఫీసులో ఒకావిడతో సంబంధం ఉందని తెలిసి, పోలీసు కేసు పెట్టొచ్చా అని అడిగాను కదా. కుదరదట. ఇలాంటి సంబంధాన్ని నేరంగా చూసిన ఐపీసీ సెక్షన్ 497ను సుప్రీంకోర్టు 2018లోనే కొట్టేసింది. అదున్న రోజుల్లో కూడా ఫిర్యాదు చేసే హక్కు భార్యకు లేదు, అవతలావిడ భర్తకే! (ఏడవాల్సింది పోయి నవ్వొచ్చింది.) హిందూ వివాహ చట్టం సెక్షన్ 13 కింద విడాకులకు మాత్రం ఇది కారణమే. కానీ సెక్షన్ 23లో ఒక మెలిక ఉంది. తెలిసాక కూడా క్షమించి మళ్లీ కాపురం చేస్తే, ఆ పాత తప్పునే చూపించి విడాకులు అడగడం కష్టం. "సర్దుకుపోమ్మా" అనే మా అత్తయ్యకు ఈ సంగతి ఎవరు చెప్తారు?

ప్రస్తుతం అమ్మవాళ్లింట్లో ఉంటున్నాను. అడగకుండానే ఫోన్ పాస్‌వర్డ్ ఇచ్చేశాడు. నాకు చూడబుద్ధి కాలేదు. మొన్న బాబుని చూడ్డానికి వచ్చినప్పుడు కొరియర్ వాళ్ల ఫోన్ వస్తే, అదీ స్పీకర్‌లో పెట్టి మాట్లాడాడు. జాలేసింది, ఒళ్లూ మండింది. ఫోన్ మోగగానే ఆయన ముఖంకేసి చూసే అలవాటు మాత్రం నాకు పోవట్లేదు.

కౌన్సెలింగ్‌కు ఇద్దరం వెళ్తున్నాం. పిటిషన్ ఇంకా వేయలేదు, డ్రాఫ్ట్ మాత్రం లాయర్ దగ్గర రెడీగా ఉంది.