వీరో కణాల్లో హెచ్‌ఎస్‌వీ-1 ప్లాక్‌లకు తోకలు వస్తున్నాయి: ఎక్కడ సరిచేయాలి?

6 వెల్ (గుంటల) ప్లేటులో వీరో కణాలు (కోతి కిడ్నీ కణాలు) పూర్తిగా పరుచుకున్నాక, పదేసి రెట్లు పలుచన చేసిన హెచ్‌ఎస్‌వీ-1 (హెర్పిస్ సింప్లెక్స్ వైరస్-1)ను వెల్‌కు 0.2 మి.లీ. వేసి, 37 డిగ్రీల దగ్గర గంటసేపు, 15 నిమిషాలకోసారి ప్లేటును అటూ ఇటూ వంచుతూ ఉంచాను. తర్వాత వైరస్ ద్రవంలో పారకుండా పైన చిక్కటి 1 శాతం మిథైల్ సెల్యులోజ్, మూడో రోజు క్రిస్టల్ వయలెట్ రంగు.

ప్లాక్‌లు (వైరస్ కణాలను చంపిన ఖాళీ మచ్చలు) గుండ్రంగా లేవు. ఒక్కోదాని వెనక ఇసుక రేణువుల్లాంటి చుక్కలు, అన్నీ ఒకే దిక్కుకు. లెక్కపెట్టడం కుదరడం లేదు.

ఈ వైరస్ జీఈ-జీఐ అనే తన ప్రొటీన్ల జంట సాయంతో పక్క కణంలోకి నేరుగా పాకుతుంది కదా. తోక కట్టేది మాత్రం బయటికి విడుదలై ద్రవంలో కొట్టుకుపోయినదే అనుకుంటున్నాను. అందుకే మిథైల్ సెల్యులోజ్ పెంచడం కన్నా, గంట గడిచాక మనిషి ఐజీజీ (ద్రవంలోని వైరస్‌ను అడ్డుకునే యాంటీబాడీ) కలపడమే మేలనిపిస్తోంది.

ప్లాక్ సైజు తగ్గకుండా ఐజీజీ ఎంత వేస్తున్నారు? లోపలికి వెళ్లని వైరస్‌ను చంపడానికి పీహెచ్ 3 సిట్రేట్‌తో ఒక్క నిమిషం కడిగితే వీరో పొర అంచుల దగ్గర లేచిపోతుందా? చేసినవాళ్లు దయచేసి చెప్పండి.