క్యాన్సర్ సదస్సుకు ట్రావెల్ గ్రాంట్ ఇస్తామన్నారు, ముందుగా ఏం చూసుకోవాలి?

హన్మకొండ పద్మ:
నమస్తే. రొమ్ము క్యాన్సర్ ట్రీట్‌మెంట్ అయిపోయి ఫాలో-అప్‌లో ఉన్న మా వదినకు యూరప్‌లో జరిగే పరిశోధన సదస్సు నుంచి పేషెంట్ ప్రతినిధిగా పిలుపు వచ్చింది. గ్రాంట్ ఇస్తామంటున్నారు. తోడుగా అన్నయ్య వెళ్లాలి, ఆయన భూపాలపల్లిలో సింగరేణి ఉద్యోగి. గ్రాంట్‌లో ఏవి వస్తాయి, ఏవి రావు? ఢిల్లీ వరకు రైల్వే క్యాన్సర్ కన్సెషన్ వాడుకోవచ్చా?

కాజీపేట జంక్షన్:
అక్కా, ముందు ఆ మెయిల్ మల్లొకసారి చదవుండ్రి. టికెట్ వాళ్లే బుక్ చేస్తరా, రీయింబర్స్‌మెంటా? రీయింబర్స్‌మెంట్ అంటే ఫ్లైట్, హోటల్, వీసా అన్నీ మన జేబుల నుంచి పెట్టి, సదస్సు అయినంక బిల్లులు పంపాలె. ఆ పైసలు చేతికొచ్చేదాకా అప్పు మీద మిత్తి పెరుగుతనే ఉంటది. అందుకే టికెట్, హోటల్ మీరే నేరుగా బుక్ చేయుండ్రని అడగాలె. ఇందుల మొహమాటం అక్కర్లేదు, పేషెంట్లు పైసలు లేక ఆగిపోవద్దనే కదా గ్రాంట్ పెట్టింది.

తోడు మనిషి ఖర్చు అడగకుంటే మామూలుగ రాదు. డాక్టర్ లెటర్‌ల "తోడుంటే మంచిది" అని రాస్తే పని కాదు. చంకల గడ్డలు తీసి చెయ్యి వాపు ఉంటే "ఆ చేత్తోటి సామాను ఎత్తొద్దు, తోడు తప్పనిసరి" అని కారణంతోటి రాయించుండ్రి. బిల్లులన్నీ గ్రాంట్ వచ్చిన మనిషి పేరు మీదనే ఉండాలె. బోర్డింగ్ పాస్‌లు పారేయొద్దు, టికెట్‌తో పాటు అవి కూడా అడుగుతరు.

సింగరేణి బిడ్డ:
అన్నయ్య సంగతి ముందు చూడండి. ప్రభుత్వ ఆధీనంలోని సంస్థల ఉద్యోగులు విదేశీ సంస్థ ఖర్చుతో విదేశాలకు వెళ్లాలంటే 2010 ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ) చట్టం సెక్షన్ 6 ప్రకారం కేంద్ర హోంశాఖ ముందస్తు అనుమతి కావాలి. సింగరేణిలో రాష్ట్రానికి 51, కేంద్రానికి 49 శాతం వాటా, కాబట్టి ఆయనకూ వర్తిస్తుంది. ఆ అనుమతి కోసం ఎఫ్‌సీ-2 అనే ఫారం ఆన్‌లైన్‌లో ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు పెట్టాలి. ఆఫీసులో కాగితం కదలడానికే టైం పడుతుంది కాబట్టి ఆహ్వానం రాగానే మొదలుపెట్టండి. ఆయన ఖర్చు ఇంట్లోవాళ్లే పెట్టుకుంటే ఈ అనుమతి అక్కర్లేదు, ఆఫీసు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) మాత్రం అడిగి తీసుకోవాలి.

ఇంకోటి, గ్రాంట్ డబ్బును ఊళ్లో ఏదో సంఘం ఖాతాలో వేయించుకోకండి. ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్, ఎస్‌బీఐ న్యూఢిల్లీ మెయిన్ బ్రాంచిలో విదేశీ విరాళాల ఖాతా లేని సంఘం విదేశీ విరాళం తీసుకుంటే చిక్కుల్లో పడేది సంఘమే.

వరంగల్ కోట:
రైల్వే కన్సెషన్ ట్రీట్‌మెంట్‌కు, చెకప్‌కు వెళ్లే ప్రయాణానికే. స్లీపర్, థర్డ్ ఏసీలో పేషెంట్‌కు 100 శాతం, తోడుకు 75. సదస్సుకు వర్తించదు. దానికోసం ఆసుపత్రి సర్టిఫికెట్ రాయించొద్దు, నిజంగా అవసరమున్న వాళ్లకు నష్టం.

యూరప్‌లోని చాలా దేశాలకు చెల్లే షెంజెన్ వీసాకు ప్రయాణానికి 6 నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు, 15 రోజుల లోపైతే కష్టం. పెద్దవాళ్లకు ఫీజు 90 యూరోలు. కనీసం 30,000 యూరోల కవరేజీ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. చవక పాలసీల్లో ముందునుంచీ ఉన్న జబ్బును పక్కన పెడతారు, అంటే క్యాన్సర్ సంబంధంగా ఏమైనా అయితే ఒక్క రూపాయి రాదు. ఆ పేజీ చదివే కొనండి. లెట్రోజోల్, టామాక్సిఫెన్ లాంటి రొమ్ము క్యాన్సర్ మాత్రలు స్ట్రిప్పుల్లోనే, ప్రిస్క్రిప్షన్‌తో చేతి బ్యాగులో పెట్టుకోవాలి. చెక్-ఇన్ బ్యాగు పోతే అక్కడ మందులు దొరకడం కష్టం.

హన్మకొండ పద్మ:
అందరికీ ధన్యవాదాలు. వీసా రాకపోతే?

కాజీపేట జంక్షన్:
అదే మెయిల్‌ల అడుగుండ్రి అక్కా. వీసా తిరస్కరిస్తే ఫీజు, క్యాన్సిలేషన్ ఛార్జీలు ఎవరివి, ఆరోగ్యం బాగలేక ఆగితే ఎవరివి, ఆన్‌లైన్‌ల చూసే రిజిస్ట్రేషన్ ఉచితంగ ఇస్తరా? రాతపూర్వకంగ జవాబు వచ్చినంకనే "వస్తున్నం" అని చెప్పుండ్రి.