“మతం లేదు” అంటే ఆలోచన లేదనా?

“మీదే మతం?” అని ఎవరైనా అడిగితే “ఏదీ లేదండీ” అంటాను. ఏళ్ల తరబడి ఇదే జవాబు. మొన్న నిఘంటువులో ఇంకేదో వెతుకుతూ ‘మతం’ దగ్గర ఆగిపోయాను. ‘అభిప్రాయం’ అన్న అర్థం కూడా ఉంది. ఆలోచించడం అనే అర్థమున్న ‘మన్’ ధాతువు నుంచి పుట్టింది. మతి, అభిమతం, సమ్మతం అన్నీ దాని చుట్టాలే. “ఫలానా వ్యాఖ్యాత మతంలో ఇది తప్పు” అని పండితులు రాసే వాక్యంలో దేవుడి ఊసే ఉండదు. ఆ లెక్కన ఇన్నాళ్లూ నాకు ఆలోచన లేదని నేనే చాటుకున్నానన్నమాట!

పోనీ “నమ్మకం లేనివాణ్ణి” అందామా? ఒకసారి అన్నాను కూడా. “అయితే మీకు అప్పివ్వకూడదు” అని నవ్వారు. నాస్తికుడంటే తగువుకొచ్చాననుకుంటారు. ఇంకేదైనా మాట ఉందా?

జవాబు: నాస్తికుడు అన్న మాటకు మొదట్లో దేవుడితో అంత పనిలేదు. సంస్కృత వ్యాకరణకర్త పాణిని సూత్రం “అస్తి నాస్తి దిష్టం మతిః” (4.4.60). ‘లేదు’ అన్నది ఎవరి మతి (ఆలోచన) అయితే వాడు నాస్తికుడు. ఏది లేదో సూత్రం చెప్పదు, పరలోకం అని ఆ సూత్రాలకు వ్యాఖ్యానమైన కాశికావృత్తి పూరించింది. మనుస్మృతికి (2.11) వచ్చేసరికి “నాస్తికో వేదనిందకః”, అంటే వేదాన్ని నిందించేవాడు నాస్తికుడు. అందుకే సృష్టికర్తను ఒప్పుకోకపోయినా వేదాన్ని ఒప్పుకున్న పూర్వమీమాంస ఆస్తిక దర్శనమైంది, వేదాన్ని కాదన్న భౌతికవాదం చార్వాకం కాలేదు. తమాషా ఏమిటంటే ఆ శ్లోకంలోనే హేతుశాస్త్రం పట్టుకుని శ్రుతిస్మృతులను (వేదాలనూ ధర్మశాస్త్రాలనూ) కాదన్నవాణ్ణి వెలివేయమని ఉంది. హేతువాదీ నాస్తికుడూ ఒకే శ్లోకంలో తిట్లు తిన్నారు! నాస్తికోద్యమ నాయకుడు గోరా 1940లో నాస్తిక కేంద్రం పెట్టినప్పుడు ఆ తిట్టునే పేరుగా పెట్టుకున్నారు. మీరూ మొహమాటపడక్కర్లేదు.

ఇంకో జవాబు: ‘స్వేచ్ఛాచింతన’ (ఇంగ్లీషులో ఫ్రీథాట్) ఉందిగా.

మళ్ళీ నేనే: ఉంది గానీ, తెలుగులో చింత అంటే దిగులు కదా. స్వేచ్ఛాచింతకుణ్ణి అంటే అడ్డుచెప్పేవాళ్లు లేక హాయిగా దిగులుపడేవాడిలా వినిపిస్తుంది. ‘హేతువాది’ బాగుంది, కాకపోతే నేను వాదించేది తక్కువ. పాణిని మాట మాత్రం నచ్చింది. ‘లేదు’ అనడానికీ ఒక మతి కావాలి అని ఆయన ఒప్పుకున్నట్టే కదా. నేనూ ఊరికే వదిలేసినవాణ్ణి కాదు, చాలా టెన్షన్ పడి, ఆలోచించి వదిలేశాను.

ప్రస్తుతానికి “ఏదీ పాటించనండీ” అంటున్నాను. నామవాచకం బదులు క్రియ వాడితే రెండో ప్రశ్న రావడం లేదు.