సమాంతర గణన నుంచి క్వాంటమ్‌కు: ఉమేశ్ వజిరాణి నడిచిన దారి

కృష్ణాతీరం: ఎం.టెక్.లో సమాంతర అల్గారిథమ్‌లు (ఒకే లెక్కను అనేక ప్రాసెసర్లకు పంచే పద్ధతులు) చదివాను, ఇప్పుడు క్వాంటమ్ కంప్యూటింగ్ వైపు మళ్లాలని ఉంది. బర్క్‌లీ ఆచార్యులు ఉమేశ్ వజిరాణి 1987లో కేతన్ ముల్ములే, సోదరుడు విజయ్‌లతో కలిసి పర్‌ఫెక్ట్ మ్యాచింగ్‌కు (గ్రాఫులోని బిందువులన్నిటినీ, వాటిని కలిపే అంచుల మీదుగా, ఏదీ మిగలకుండా జతలు చేయడం) సమాంతర అల్గారిథమ్ ఇచ్చారు. 1993లో శిష్యుడు ఈథన్ బెర్న్‌స్టీన్‌తో క్వాంటమ్ సంక్లిష్టతా సిద్ధాంతానికి (క్వాంటమ్ కంప్యూటర్‌కు ఏ సమస్య ఎంత కష్టమో తేల్చేది) పునాది వేశారు. మొదటి పని రెండోదానికి అక్కరకొచ్చిందంటారా? భౌతికశాస్త్రం ఎంత చదవాలి?

క్లస్టర్‌మనిషి: పన్నెండేళ్లుగా క్లస్టర్ (కలిసి పనిచేసే కంప్యూటర్ల గుంపు) మీద ఎంపీఐలో, అంటే అవి సందేశాలు పంపుకునే పద్ధతిలో, కోడు రాస్తున్నాను. ఒక్క కోరు (ప్రాసెసర్‌లో లెక్క చేసే భాగం) వెనకబడితే మిగిలిన వేయీ కాచుకొని కూర్చుంటాయి. 50 క్యూబిట్లుంటే (క్వాంటమ్ కంప్యూటర్‌లో బిట్ల వంటివి) 2ను 50 సార్లు గుణించినన్ని లెక్కలు ఒకేసారి జరుగుతాయి కనుక ఆ బాధ ఉండదు. క్వాంటమ్ అంటే సమాంతర గణనకు చివరి మెట్టు.

గణితాభిమాని: దయచేసి ఈ మాట ప్రచారం చేయకండి, దీన్ని నమ్మి పరిశోధనలో ఏడాది పోగొట్టుకున్నాను. కొలిచాక చేతికి చిక్కేది ఒక్క ఫలితమే. క్రమం లేని పది లక్షల పెట్టెల్లో ఒక వస్తువును వెతకాలంటే క్వాంటమ్ యంత్రానికైనా దాదాపు వేయి ప్రశ్నలు తప్పవని బెన్నెట్, బెర్న్‌స్టీన్, బ్రాసార్డ్, వజిరాణి 1997 పత్రంలో నిరూపించారు.

క్లస్టర్‌మనిషి: పది లక్షలు వేయికి దిగడం సమాంతరత కాకపోతే మరేమిటండీ? అనుభవాన్ని అపోహగా కొట్టిపారేయడం మర్యాద కాదు.

గణితాభిమాని: అది వ్యతికరణం. తప్పు సమాధానాల యాంప్లిట్యూడ్‌లు (ఒక్కో సమాధానం వచ్చే అవకాశాన్ని నిర్ణయించే, రుణాత్మకం కూడా కాగల సంఖ్యలు) ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. మీ క్లస్టర్‌లో ఒక కోరు లెక్క మరో కోరు లెక్కను ఎప్పుడైనా రద్దు చేసిందా?

పాఠాలపంతులు: ఇరవై రెండేళ్లుగా అల్గారిథమ్‌లు బోధిస్తూ, ఆ 1987 నిరూపణను ఏటా బోర్డు మీద రాస్తున్నవాణ్ణి, అడిగినదాన్ని వదిలేసి మీరిద్దరూ తగవులాడుతున్నారు. గ్రాఫులో పర్‌ఫెక్ట్ మ్యాచింగ్‌లు ఎన్నో ఉంటే ప్రాసెసర్లు తలో దాని వైపు లాగుతాయి. అంచులు వంద ఉంటే ఒక్కో అంచుకు 1 నుంచి 200 వరకు ఏదో ఒక బరువు యాదృచ్ఛికంగా ఇవ్వండి. అతి తక్కువ బరువున్న మ్యాచింగ్ ఒకే ఒక్కటిగా తేలే సంభావ్యత సగానికి తగ్గదు. ఆపైన మిగిలేది నిర్ధారకాల (మాత్రికల డిటర్మినెంట్ల) లెక్క, అది సమాంతరంగా సాగుతుంది. గుంపులోంచి ఒక్క సమాధానాన్ని నిలబెట్టే ఈ నేర్పే క్వాంటమ్‌లోనూ కావాలని నా అభిప్రాయం.

ఒంగోలు_పరిశోధకురాలు: పాఠం అక్కడే ఆపకండి సార్. ద్విభాగ గ్రాఫులకు (బిందువులు రెండు గుంపులుగా ఉండి, అంచులు ఒక గుంపు నుంచి మరో గుంపుకే వెళ్లేవి) ఆ యాదృచ్ఛికతను ఫెన్నర్, గుర్జర్, తీరావ్ 2016లో తొలగించారు, అయితే గ్రాఫు పెద్దదయ్యేకొద్దీ కావలసిన ప్రాసెసర్ల సంఖ్య ఏ బహుపదికన్నా వేగంగా పెరుగుతుంది. ఆ పత్రం చదివాకే నా పరిశోధనాంశాన్ని మార్చుకున్నాను.

కృష్ణాతీరం: భౌతికశాస్త్రం సంగతి ఎవరూ చెప్పలేదు.

ఒంగోలు_పరిశోధకురాలు: ఎడ్‌ఎక్స్‌లో (ఆన్‌లైన్ కోర్సుల వేదిక) వజిరాణి గారి కోర్సు చేశాను. సదిశలు, మాత్రికలు గట్టిగా వచ్చి ఉంటే చాలు, క్వాంటమ్ యాంత్రికశాస్త్రాన్ని అక్కడే మొదటినుంచి నేర్పారు.

క్లస్టర్‌మనిషి: వ్యతికరణం మాట ఒప్పుకుంటాను. కానీ 50 క్యూబిట్ల స్థితిని మా క్లస్టర్‌లో దాచాలంటే, ఒక్కో యాంప్లిట్యూడ్‌కు 16 బైట్ల చొప్పున దాదాపు 18 పెటాబైట్లు కావాలి. అన్ని సంఖ్యలు ఆ చిన్న చిప్పులో ఎక్కడున్నాయో గణితాభిమాని గారు చెప్పాలి.